ఎలుగు తలుపుకు వీపు ఆనించిన ఖలందర్

మాచర్లలో ఎలుగుబంటి వెంట్రుక కావాలంటే పొద్దున పదిగంటలకల్లా జూకి చేరుకోవాలి. ఎండెక్కాక పోతే మిగలవు. ఇది జూ వాళ్ళు బోర్డు మీద రాసిన సంగతి కాదు. బోర్డు మీద ఉన్నది వేరే: జంతువులకు తిండి పెట్టరాదు, రాళ్ళు విసరరాదు, వెనకవైపు దారిలోకి పోరాదు. జనం నిలబడి అంతా చదువుతారు. చదివి, వెనకవైపు దారిలోకే పోతారు. నల్లమ్మ వీపు రుద్దుకునేది అక్కడే మరి.

నల్లమ్మంటే జూలో ఉన్న ఆడ ఎలుగుబంటి. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నా, పక్క తడుపుతున్నా, కుక్కను చూసి వణుకుతున్నా ఎలుగు వెంట్రుక ఒకటి తాయెత్తులో పెట్టి కడితే భయం పోతుందని మా పల్నాట్లో తాతల నాటి నమ్మకం. వెనకటి రోజుల్లో ఎలుగును ఆడించేవాళ్ళు వీధుల్లోకి వచ్చేవాళ్ళు. తల్లులు పిల్లల్ని దాని మీద ఎక్కించి దింపి, నాలుగు వెంట్రుకలు అడిగి తీసుకునేవాళ్ళు. సర్కారు ఆ ఆట మాన్పించింది. ఆడించేవాళ్ళు రావటం మానేశారు గాని, పిల్లలు భయపడటం మానలేదు. అందుకని హిందువులు, సాయబులు, కిరస్తానీలు అందరూ జూ దారి పట్టారు.

ఆ జూ కూడా ఎవరో కూర్చుని ఆలోచించి కట్టింది కాదు. ఒకప్పుడు అది నాపరాళ్ళ క్వారీ. రాయి అయిపోయాక దాని ఆసామి ఖాళీ గుంతల్లో రెండు జింకల్ని, నాలుగు నెమళ్ళని వదిలాడు. జింకలు రెండూ ఇరవై అయినాయి. ఆసామి పోయాక కొడుకులు పొలాలు పంచుకున్నారు, లారీలు పంచుకున్నారు, జింకల్ని మాత్రం నాకొద్దంటే నాకొద్దన్నారు. ఊళ్ళో నలుగురు కమిటీగా కూడి ప్రహరీ కట్టించి, టికెట్ పెట్టి, జూ అన్నారు. తర్వాత మొసళ్ళు వచ్చినాయి, కొండచిలువ వచ్చింది. అడవి అంచున ఒక ఊళ్ళో బావిలో పడిన ఎలుగు పిల్ల వచ్చింది, అదే నల్లమ్మ. అన్నిటికన్నా లోతైన గుంత, అందులో అవతలి పక్కన రాత్రిళ్ళు పడుకోవటానికి ఒక గది దానికి ఇచ్చారు. జనం పైన గోడ దగ్గర నిలబడి కిందికి చూస్తారు. గుంతకు వెనకవైపు, ఒకప్పుడు రాళ్ళ లారీలు దిగిన పల్లపు దారి ఉంది. రెండు పక్కలా నిలువెత్తు రాయి, మధ్యన సన్నటి దారి. దాని చివర ఇనప వల తలుపు. గుంత ఊడవటానికి పనివాళ్ళు అందులోంచే పోతారు.

ఆ తలుపు చేసింది వెల్డింగ్ ఖలందర్.

ఖలందర్‌కి యాభై ఎనిమిదేళ్ళు. చదువు నాలుగో తరగతి. నిప్పురవ్వలకు ఎడమ కనుబొమ కాలిపోయి మళ్ళీ మొలవలేదు, అందుకని ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టు ఉంటాడు. బస్టాండ్ రోడ్లో రేకుల షెడ్డు ఆయన షాపు. మసీదు మీదికి నిచ్చెన, చర్చి కిటికీ గ్రిల్లు, బడుల గేట్లు, ఆస్పత్రి మంచాలు, ఊళ్ళో సగం ఇనుము ఆయన చేతి మీదుగా పోయినదే. ఎవరైనా బేరం ఆడితే ఒకటే మాట అనేవాడు: "నా అతుకు ఊడిందని ఒక్కడిని తీసుకురా. అప్పుడు తగ్గిస్తా." ఒక్కడూ దొరకలేదు. దాంతో ఆయనకు కొంచెం మిడిసిపాటు కూడా ఉండేది. ఉన్నమాట చెప్పుకోవాలి.

ఆయన పనితీరు ఒకటి ఉంది. వెల్డింగ్‌లో ముందు చుక్కలు పెడతారు. అంటే రెండు ఇనప ముక్కల్ని పెసరగింజంత అతుకులతో ఊరికే నిలబెడతారు. తలుపు సరిగ్గా తిరుగుతోందా, వంకర పోయిందా అని చూసుకుంటారు. బాగుందనిపిస్తే అప్పుడు ఆ మూల నుంచి ఈ మూలదాకా ఫుల్ వెల్డింగ్ లాగుతారు. ఖలందర్‌కి ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఏమిటంటే, చుక్కలు మాత్రమే పెట్టిన ప్రతి అతుకు పక్కన సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. ఫుల్ వెల్డింగ్ అయ్యాక ఆ గీతను మోచేత్తో తుడిచేస్తాడు. గీత ఉంటే పని మిగిలి ఉన్నట్టు. లేకుంటే అయిపోయినట్టు. నలభై ఏళ్ళు ఆ గీతే ఆయనకు పుస్తకం, పెన్ను.

కొత్త తలుపు పెట్టి పది నెలలయింది. అప్పటినుంచి ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఈ తలుపు వచ్చాక ఎలుగు వెంట్రుకలు గుప్పెళ్ళు గుప్పెళ్ళు దొరుకుతున్నాయని. పాత తలుపుకైతే పొద్దంతా నిలబడినా ఒకటో రెండో. ఇప్పుడు తలుపు తిరిగే కింది బందు దగ్గర కుచ్చులు కుచ్చులుగా ఇరుక్కుని ఉంటున్నాయి. "నీ చేతి చలవ సాయబూ" అని తల్లులు అంటుంటే ఖలందర్ మీసం తడుముకునేవాడు. వెంట్రుకలు అక్కడే ఎందుకు ఇరుక్కుంటున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు.

రంజాన్ మర్నాడు మా ఊరి సాయబుల ఇళ్ళన్నీ జూలోనే ఉంటాయి. సేమియా డబ్బాలు, కొత్తబట్టలు, అత్తరు వాసన. ఖలందర్ కూడా భార్య గుల్షన్‌ని, ఆరేళ్ళ మనవరాలు సైమాని తీసుకుని వచ్చాడు. సైమా మూడు నెలలుగా నిద్రలో కేకలు పెడుతోంది. గుల్షన్ రాగి తాయెత్తు కొని కొంగున ముడేసుకుని వచ్చింది. ఇక వెంట్రుక ఒక్కటే కావాలి.

పల్లపు దారంతా జనం. అరవై మందికి తక్కువ లేరు, సగం చంకపిల్లలు. పండగని పది దాటాక కూడా కదలటం లేదు. ఖలందర్‌ని చూసి తలుపు చేసినాయన అని దారి ఇచ్చారు. ఆయన దర్జాగా ముందుకు పోయి, మోకాలెత్తున ఉన్న కింది బందు దగ్గర వంగి, వెంట్రుకల కుచ్చు పట్టుకుని లాగాడు.

కుచ్చు రాలేదు. బందు కదిలింది.

ఖలందర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కళ్ళద్దాలు సరిచేసుకుని ఇంకా దగ్గరికి వంగాడు. బందుకూ చట్రానికీ మధ్య రంగు పగిలి, తుప్పు గీత కనిపిస్తోంది. ఆ సందులోనే వెంట్రుకలు ఇరుక్కున్నాయి. పైన ఒకటి, కింద ఒకటి, పెసరగింజలంత రెండు చుక్కలు. అంతే. ఫుల్ వెల్డింగ్ లేదు. పది నెలలుగా ఆ తలుపు ఆ మూల రెండు పెసరగింజల మీద నిలబడి ఉంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. అది శుక్రవారం. పై బందు పూర్తి చేశాడు. కింది బందుకు చుక్కలు పెట్టి గీత గీశాడు. కరెంటు పోయింది. జుమ్మా నమాజు వేళయితే మసీదుకు పోయాడు. ఆయన వెనకే రంగులేసే రాహేలు వచ్చింది. రాహేలు పనిలో శుభ్రం ఎక్కువ. సుద్ద మీద రంగు పట్టదని తడిగుడ్డతో తలుపంతా తుడిచి, ఎర్ర రంగు పూత వేసేసింది. ఖలందర్ తిరిగొచ్చి చూస్తే గీత లేదు. గీత లేదంటే పనైపోయినట్టు. సామాను సర్దుకుని ఇంటికి పోయాడు.

తలుపు బయటికి తెరుచుకుంటుంది. కుడివైపు గొలుసూ తాళం ఉన్నాయి, అవి గట్టివే. పై బందూ గట్టిదే. కింది మూల లేచిందంటే మాత్రం చాలు. ఎలుగుకు తల దూరేంత సందు దొరికితే మిగతాది అది చూసుకుంటుంది. ఊళ్ళో వాళ్ళకు చిరుతంటే ఇంత భయం లేదు. చిరుత మనిషిని చూస్తే తప్పుకుంటుంది. ఎలుగు తప్పుకోదు, ముఖం మీదికే వస్తుంది. అడవి అంచు ఊళ్ళలో ముఖం సగం లేని మనుషుల్ని ఖలందర్ చిన్నప్పుడు చూశాడు.

లోపల, ఇరవై అడుగుల అవతల, నల్లమ్మ రాతి నీడలో పడుకుని ఉంది. ఎండ నెత్తి మీదికొస్తే లేచి వచ్చి ఇక్కడే వీపు రుద్దుకుంటుంది. రోజూ చేసే పనే.

ఖలందర్ తలుపుకు వీపు తిప్పాడు. కూలబడినట్టు కింద కూర్చుని, వీపు ఆ మూలకు ఆనించి, మడమలు నేలలో తన్నిపెట్టాడు.

"ఏందయ్యా, ఇక్కడ కూలబడ్డావు? కొత్త జుబ్బా అది" అంది గుల్షన్.

"నవ్వుతానే విను. మొగం మార్చమాక."

"నువ్వు ఈ మాట అన్నావంటే కొంప మునిగే పనేదో చేసే ఉంటావు."

"కింది బందుకు చుక్కలే ఉన్నయి. ఫుల్ వెల్డింగ్ లేదు."

వెల్డింగ్ చేసేవాడితో ముప్పై ఐదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఇంకో ముక్క చెప్పనక్కర్లేకపోయింది. గుల్షన్ ముఖంలో నెత్తురు దిగిపోయింది గాని పెదాలు నవ్వుతున్నట్టే ఉంచింది.

"పిల్లని తీసుకొని ఆరోగ్యస్వామి కాడికి పో. నల్లమ్మను లోపలి గదిలోకి పిలవమను. పరిగెత్తమాక. నువ్వు పరిగెత్తితే అందరూ పరిగెత్తుతారు, ఈ సందులో పిల్లలు కాళ్ళ కింద పడి పోతారు."

"మరి నువ్వు?"

"నేను లేస్తే ఇది లేచుద్ది."

సైమా తాత వేలు వదల్లేదు. "దాదా, వెంట్రుక?" అంది.

"నువ్వు దాదీతో పోయిరా బేటా. నేను తీసి ఉంచుతా."

గుల్షన్‌కి మోకాళ్ళ నొప్పులు. జూలో అన్ని జంతువుల్నీ చూసుకునే ఆరోగ్యస్వామి ఆ వేళకు మొసళ్ళ చెరువు దగ్గర ఉంటాడు, అంటే జూకి ఆ చివర. మామూలు మనిషికే పది నిమిషాల నడక. ఆమె కుంటుకుంటూ జనంలో కలిసిపోవటం చూస్తూ ఖలందర్ లోపల్లోపల దువా చదువుకోవటం మొదలుపెట్టాడు. ఎప్పుడూ నోటికి వచ్చే దువా సగంలో మర్చిపోయాడు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

జనం ఊరుకుంటారా? వెంట్రుకలున్న చోట ఈయన బైఠాయించాడు. ముందుగా నోరు చేసుకున్నది గురవమ్మ. కారంపూడి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి, చంకలో నాలుగేళ్ళ మనవడు.

"ఏంది సాయబూ, తలుపుకు అతుక్కుపోయావు? తలుపు చేస్తే వెంట్రుకలు కూడా నీయేనా?"

"కళ్ళు తిరుగుతున్నయమ్మా. కాసేపు కూర్చుంటా."

"కూర్చో. కొంచెం ఇటు జరిగి కూర్చో. రెండు పీక్కొని పోతాం."

"కదల్లేనమ్మా."

ఈ అబద్ధం ఎంత పనిచేసిందంటే, అందరికీ జాలి పుట్టింది. పల్నాటి జాలి చేతుల్లో ఉంటుంది, మాటల్లో ఉండదు. ఒకాయన సోడా తెచ్చి ముఖాన కొట్టాడు. ఇంకొకాయన ఉల్లిపాయ ఉందా అని కేకేశాడు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, "తాతను నీడకు మోద్దాం పట్టు" అని చెరొక రెక్కా అందుకున్నారు.

"వద్దు నాయనా. వద్దు. వదలండి."

"ఊరుకో తాతా, బరువేం లేవు నువ్వు."

వాళ్ళు లేపారు. వీపు జానెడు లేచింది. వెనక ఇనుము కిర్రుమంది. ఖలందర్ రెండు చేతులూ వెనక్కి పెట్టి, పసిపిల్లవాడు దవాఖానాలో మంచం పట్టుకున్నట్టు తలుపు వల పట్టుకున్నాడు. లోపల నల్లమ్మ తల ఎత్తింది.

"ఏందిరా తాత ఇంత గట్టిగా పట్టాడు" అని కుర్రాళ్ళు నవ్వుతున్నారు.

గురవమ్మ నవ్వలేదు. ఆమె వంగి ఆయన ముఖంలోకి చూసింది. కళ్ళు తిరిగిన మనిషికి చెమట పడుతుంది. ఈయన కళ్ళు మాత్రం తిరగటం లేదు, రెప్ప వెయ్యకుండా దారి వైపు చూస్తున్నాయి. "ఒరేయ్, వదలండి ఆయన్ని" అని కుర్రాళ్ళను అదిలించి, చెవి దగ్గరికి వంగింది. "ఏందో చెప్పు."

ఖలందర్ చెప్పాడు. ఎన్నడూ ఎవరితోనూ అనని మాట, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నాడు. "నా అతుకు సరిగా లేదమ్మా. ఈ మూల ఊడుద్ది."

"ఎంతసేపు నిలబడుద్ది?"

"అది వచ్చి రుద్దుకునేదాకా."

గురవమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నలుగురి వైపు తిరిగి, కూరగాయల బజార్లో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఇక్కడేం నిలబడతారే? పైన గోడ కాడ సార్లు వెంట్రుకలు కవర్లలో పెట్టి పంచుతున్నారంట. ఇప్పుడే ఎవరో చెప్పిపోయారు. అయిపోవస్తున్నయంట."

అంతే. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని, గబగబా అయినా తొక్కిడి లేకుండా, అరవై మందీ దారి ఎక్కిపోయారు. ఆశ భయంలాగా కాదు, వరసలో నడిపిస్తుంది. గురవమ్మ తన మనవణ్ణి కూడా తెలిసిన మనిషి చంకకు ఎక్కించి పంపింది. తను మాత్రం తిరిగొచ్చి, ఖలందర్ పక్కన కూర్చుని, వీపు తలుపుకు ఆనించింది.

"నీకెందుకమ్మా, నువ్వూ పో."

"మనవడు పైన ఉన్నాడు. ఇది బయటపడితే ఎక్కేది ఆ దారే గదా. జరుగు."

దారి ఖాళీ అయ్యాక నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దం జనం కన్నా అన్యాయంగా ఉంది. పైన ఎక్కడో నెమలి అరుస్తోంది. నాపరాయి మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. వెనక రాతి మీద గోళ్ళ చప్పుడు. టిక్, టిక్, టిక్. ఆగింది. మళ్ళీ టిక్, టిక్.

"వస్తందా?" అంది గురవమ్మ, వెనక్కి తిరక్కుండా.

"వస్తంది."

ముందు వాసన వచ్చింది. తడిసిన గోనెసంచి, పుల్లబడ్డ జావ, ఇంకేదో పచ్చి వాసన. తర్వాత ఊపిరి. ఎలుగు ఊపిరి తీస్తే కొలిమి తిత్తి పీల్చినట్టు ఉంటుంది. ఆ వేడి ఖలందర్ మెడ మీద పడింది. అది వాళ్ళను వాసన చూస్తోంది. రోజూ ఖాళీగా ఉండే తలుపుకు ఈవేళ రెండు వీపులు ఎక్కడివని దానికి అనుమానం వచ్చినట్టుంది.

"సాయబూ."

"ఆఁ."

"నాకు తెలిసిన పాటలన్నీ మర్చిపోయా. ఏదన్నా దండకం చదువుదామంటే ఒక్కటీ రావట్లా."

"నాకూ అంతేనమ్మా."

నల్లమ్మ తిరిగి నిలబడి వీపు ఆనించింది. మనిషి గోడకు ఆనుకున్నట్టు కాదు, ఎడ్లబండి గోడకు ఆనుకున్నట్టు. తలుపు, తలుపుతోపాటు ఇద్దరూ వేలెడు ముందుకు జరిగారు. రుద్దటం మొదలుపెట్టింది. పైకీ కిందికీ. ఖలందర్ వీపుకూ దాని వీపుకూ మధ్య సన్నటి ఇనప వల మాత్రం ఉంది.

టప్.

చిన్న చప్పుడే. బఠాణీ పగిలినంత. కాని నలభై ఏళ్ళ వెల్డింగ్ చెవి అది. "పై చుక్క పోయింది" అన్నాడు ఖలందర్.

"ఇంకెన్ని?"

"ఒకటి."

మడమల కింద రాతిపొడి జారుతోంది. గురవమ్మ చెప్పులు విడిచి, ఒట్టి పాదాలు నేలలో గుచ్చింది. ఖలందర్‌కి తన పనులన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. బడి గేట్లు. పిల్లలు ఎక్కి ఊగే గేట్లు. మసీదు నిచ్చెన. ఆస్పత్రి మంచాలు. వాటిలో ఎన్నిటికి గీత తుడిచింది తను, ఎన్నిటికి వాన తుడిచింది, ఎన్నిటికి ఇంకెవరో తుడిచారు? ఆ సంగతి తనకు తెలియదు. ఎలుగు కన్నా అది ఎక్కువ భయపెట్టిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

టప్.

రెండోదీ పోయింది. మూల జానెడు లేచింది. ఆ సందులోంచి గోళ్ళు వచ్చాయి. వేళ్ళంత పొడుగు, పసుపు పచ్చవి, కొనలు తెల్లగా. అవి జుబ్బా అంచు పట్టుకుని లోపలికి లాగాయి. గుడ్డ పరపరా చిరిగింది. ఇద్దరూ ఒకేసారి వెనక్కి నెట్టారు. గురవమ్మ పళ్ళు కొరుకుతూ ఏదో బూతు తిట్టింది, ఎవరిని తిట్టిందో ఆమెకే తెలియాలి. సందు తగ్గింది. మళ్ళీ లేచింది. ఈసారి మూతి కొన కనిపించింది, తడిగా, ముడుచుకుంటూ, విచ్చుకుంటూ.

అప్పుడు లోపల, గుంత అవతలి పక్క నుంచి, బకెట్టు మీద గరిటె చప్పుడు వినిపించింది.

డంగ్ డంగ్ డంగ్.

"ఏమే నల్లమ్మా. దా తల్లీ. జావ తాగుదువు దా."

ఆరోగ్యస్వామి గొంతు. రోజూ సాయంత్రం నాలుగింటికి వినిపించే గొంతు మధ్యాహ్నం వినిపిస్తోంది. మూతి ఆగింది. గోళ్ళు జుబ్బాను వదిలాయి. ఎలుగుకు లెక్క తప్పినట్టు ఉంది, కాసేపు అలాగే నిలబడింది. ఊపిరి ఖలందర్ మెడ మీదే ఉంది.

"దా తల్లీ. బెల్లం కూడా ఉంది."

టిక్, టిక్, టిక్. గోళ్ళు రాతి మీద దూరంగా పోయాయి. కాసేపటికి లోపలి గది తలుపు దభేలున కిందికి పడింది. గొలుసు చప్పుడైంది.

ఖలందర్ లేవలేదు. గురవమ్మా లేవలేదు. ఆరోగ్యస్వామి గుంత చుట్టూ తిరిగి వాళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాక కూడా, నెట్టటం ఆపమని కాళ్ళకు చెప్పటం వాళ్ళ చేతకాలేదు. ఆయన ఒక్కొక్కరి చెయ్యీ పట్టి లేపాడు. ఆయన చేతిలో బకెట్టు ఖాళీగా ఉంది.

"జావ ఇంకా కాయలేదన్నా" అన్నాడు ఆరోగ్యస్వామి. "పదేళ్ళల్లో దానితో అబద్ధం ఆడింది ఇదే. నా మాట మళ్ళీ నమ్ముద్దో నమ్మదో."

ఆ సాయంత్రం నాలుగింటికి ఆయన జావలో మామూలు కన్నా రెండింతలు బెల్లం కలిపాడు. నల్లమ్మ తాగింది గాని, ఆయన వైపు వీపు పెట్టి తాగింది.

గుల్షన్ వచ్చి చిరిగిన జుబ్బా అంచును లోపలికి మడిచి సర్దింది. ఖలందర్ గుప్పిట విప్పితే అందులో వెంట్రుకల కుచ్చు ఉంది. ఎప్పుడు పీకాడో ఆయనకే తెలియదు. సైమా దాన్ని తీసుకుని, "గరుకుగా ఉంది దాదా" అంది.

జనం వెళ్ళాక ఖలందర్ మిషన్ తెప్పించి కింది బందుకు ఫుల్ వెల్డింగ్ లాగాడు. మూడుసార్లు అతుకు చెడింది. మూడుసార్లూ గీకి మళ్ళీ వేశాడు. కమిటీలో పెద్దాయన దగ్గరికి పోయి, "తప్పు నాది సారూ, రాసుకోండి" అన్నాడు. ఆయన పల్లపు దారికి మర్నాడే గేటు పెట్టమన్నాడు. ఆ గేటు కూడా ఖలందరే చేశాడు.

దానికి రంగు వేయటానికి రాహేలు వచ్చింది. సంగతి ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడింది. "గీత తుడిచింది నేనే గదన్నా."

"తుడిస్తే పోయేదాన్ని గుర్తు పెట్టుకుంది నేను గదమ్మా" అన్నాడు ఖలందర్. "ఇకమీద ఉలితో గాటు పెడతా. రంగు వేసే ముందు ఆ గాటు పూడిందో లేదో నువ్వు చూడు. పూడకపోతే నన్ను తిట్టు."

ఇక ఊరి సంగతి చెప్పాలి. పైన గోడ దగ్గర కవర్లు పంచుతున్నారని పరిగెత్తి మోసపోయిన జనం గురవమ్మను తిట్టుకున్నారు గాని, ఒకరిద్దరు గోడ మీదినుంచి కిందికి చూశారు. ఖలందరూ నల్లమ్మా వీపూ వీపూ ఆనించి ఉండటం వాళ్ళ కంటబడింది. వారం తిరక్కముందే, ఎలుగుతో వీపు రుద్దించుకున్న మనిషి మాచర్లలో ఉన్నాడని నకరికల్లు దాకా పాకింది. తల్లులు వెంట్రుకల మాట మర్చిపోయి వెల్డింగ్ షాపుకు రావటం మొదలుపెట్టారు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఖలందర్ వీపు మీద మూడుసార్లు రాయించి తీసుకుపోతారు.

"నేను మనిషినమ్మా. నాకే గుండె దడ తగ్గలేదు" అని ఆయన మొత్తుకుంటాడు.

"చెప్పుకోరులే పెద్దవాళ్ళు" అంటారు వాళ్ళు.

ఆయన దడ నిజమే. ఆ రోజునుంచి ఆయన చేతిలో ఒక చిన్న సుత్తి ఉంటోంది. శుక్రవారం నమాజు అయ్యాక, తను నలభై ఏళ్ళుగా చేసిన తలుపుల్ని ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ పోతాడు. బందు మీద కొట్టి చెవి పెడతాడు. నిండు అతుకైతే ఖణ్ మంటుంది. చుక్కలైతే మొద్దుగా పలుకుతుంది. మసీదు నిచ్చెన ఖణ్ మంది. చర్చి గ్రిల్లు ఖణ్ మంది. ఆస్పత్రి మంచాల దగ్గర నర్సు కోప్పడితే బతిమాలుకున్నాడు.

మొన్న గురవమ్మ మనవణ్ణి తీసుకుని షాపుకు వచ్చింది. వాడు పక్క తడపటం మానేశాడంట.

"నీకు తగ్గిందా సాయబూ?"

"లేదమ్మా. నిన్న మూడు గేట్లు చూశా. ఇంకా ఎన్ని ఉన్నయో."

"మా కారంపూడిలో వీడు పోయే బడి గేటు కూడా నువ్వే చేశావంట. పన్నెండేళ్ళయిందంట."

ఖలందర్ మిషన్ ఆపి, షట్టరు దించి, సుత్తి, ఉలి జేబులో వేసుకుని ఆమె వెంట బస్సెక్కాడు. బడి గంట కొట్టేసరికి అక్కడున్నారు. పిల్లలు గేటు మీదెక్కి ఊగుతున్నారు. గురవమ్మ అదిలించి అందర్నీ దింపింది. ఖలందర్ పై బందు మీద కొట్టాడు.

ఖణ్.

మోకాళ్ళ మీద కూర్చుని కింది బందు దగ్గరికి వచ్చేసరికి సుత్తి పట్టిన చెయ్యి ఆగింది. పిల్లలంతా చుట్టూ చేరి చూస్తున్నారు. గురవమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుని, అడగకుండానే గేటుకు వీపు ఆనించింది.

"కొట్టు" అంది.

కొట్టాడు. చెవి పెట్టాడు. జేబులోంచి ఉలి తీసి ఆ బందు పక్కన ఒక గాటు పెట్టాడు. తర్వాత బడి పంతులమ్మ దగ్గరికి నడిచాడు, గేటు ఈ పూట తియ్యకుండా తాళం వేయించమని, మిషన్ తెచ్చేదాకా పిల్లల్ని వెనక దారిన పంపమని చెప్పటానికి.